వైకుంఠధామానికి ముందు ఒక మంచం: మన 26 మంది ఎమ్మెల్యేలకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ నుంచి 12 మంది, ఉమ్మడి పాలమూరు నుంచి 14 మంది, మొత్తం 26 మంది ఎమ్మెల్యేలకు నమస్తే.

నేను దేవరకొండలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుకునే మనిషిని. జిరాక్స్, ఆధార్ లింకు, ఇన్‌కం సర్టిఫికెట్, బస్ టికెట్, ఇట్లాంటివి. మీరు మైకులో ఒక పథకం పేరు చెప్పిన తెల్లారే దాని ఫారం కోసం జనం ముందు నా షాపు మెట్లే ఎక్కుతారు, కాబట్టి మీ పథకాలతో నాకు రోజువారీ పరిచయం ఉందనే చెప్పాలి. మీలో ఎవరు అధికారంలో ఉన్నారు, ఎవరు ప్రతిపక్షంలో ఉన్నారు అన్నది ఈ ఉత్తరానికి అవసరం లేదు. రెండు వైపులా ఉన్నవాళ్ల మీదా నాకు ఒకే కంప్లైంట్ ఉంది.

విషయం ఏంటంటే, మంచం పట్టిన ముసలివాళ్లను చూసుకునే ఇళ్లకు సర్కారు డబ్బు పెట్టాలి. వృద్ధాశ్రమాల గురించి కాదు నేను చెప్పేది, ఆ తేడా కాస్త ఓపిగ్గా వినండి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే ఇరవై మంచాల ప్రైవేటు దవాఖాన, కాన్పులు చేసేది, కింద మెడికల్ షాపు ఉండేది. వేరే దేశాల్లో ఆ మాటకు అర్థం వేరట, లేవలేని ముసలివాళ్లు ఉండే చోటు, నర్సులు, ఆయాలు చూసుకునే చోటు. మనం పేరు మాత్రం తెచ్చుకుని ఆ పనిని అక్కడే వదిలేసి వచ్చాం. ఇటు దవాఖానకీ అటు ఆశ్రమానికీ నడుమ ఉండాల్సిన ఆ ఇంటికి మన భాషలో ఇంతవరకు పేరు కూడా పడలేదు, ఇక బడ్జెట్‌లో పద్దు ఎక్కడ పడుతుంది?

ఇది నాకు తెలియడానికి కారణం మా అమ్మ.

2022 వానాకాలంలో ఒకరోజు పొద్దున ముఖం కడుక్కుంటూ పడిపోయింది. పక్షవాతం, కుడివైపు మొత్తం. అప్పటికి 74 ఏళ్లు. జిల్లా కేంద్రంలో ఒక దవాఖానలో తొమ్మిది రోజులు ఉంచారు, ప్రాణం నిలబెట్టారు, అందులో తప్పు పట్టేదేం లేదు. పదో రోజు పొద్దున డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి "ఇంకేం లేదు, ఇంటికి తీసుకుపోండి, ఫిజియో చేయించండి, రెండు గంటలకోసారి పక్క మార్చండి" అన్నారు. ఆ చివరి మాట ఎంత చిన్నగా ఉందో చూడండి. రెండు గంటలకోసారి అంటే రోజుకు పన్నెండు సార్లు. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు. ఆ లెక్క ఆ కాగితంలో ఎక్కడా రాసి లేదు.

పక్క మార్చడం అంటే చూడనివాళ్లకు చెప్తా. ఒక్కరే చేస్తే చర్మం రాసుకుపోతుంది, కాబట్టి ఇద్దరు కావాలి. మనిషి కింద మందపాటి దుప్పటి ఒకటి మడతపెట్టి వేసి ఉంచాలి, ఇటొకరు అటొకరు దాని కొసలు పట్టుకుని ఒకేసారి లేపాలి, వీపు వెనక మెత్త, మోకాళ్ల నడుమ ఇంకో మెత్త. మడమలు పరుపుకు తగలకూడదు. అమ్మ బక్కమనిషే, నలభై ఎనిమిది కిలోలు, అయినా లేవని మనిషి బరువు వేరుగా ఉంటుంది. మొదటి నెల నేను, మా ఇంటామె కలిసే చేశాం. తర్వాత నాకు షాపులో నిద్ర వచ్చి ఒకాయన పట్టా పాసుబుక్కు వివరాలు ఇంకొకరి ఫారంలో కొట్టిపెట్టాను, అప్పటి నుంచి రాత్రి రెండింటి వంతు, నాలుగింటి వంతు ఆమె ఒక్కతే చేసింది. ఒక్కతే చేస్తే ఏమవుతుందో అదే అయింది. నడుం కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రగా కనబడింది, వారానికి తోలు లేచింది, నెలకు అరచేయంత పుండు. డ్రెస్సింగ్‌కు ఆర్‌ఎంపీ వచ్చిన ప్రతిసారీ రెండు వందలు. ఆ పుండు వాసన గురించి రాయను, అమ్మకు అది తెలిసేది, మనవడు గదిలోకి వస్తే ఎడమచేత్తో పొమ్మని సైగ చేసేది.

మా ఇంటామె మిషన్ కుట్టేది. జాకెట్లు, ఫాల్స్, పెళ్లిళ్ల సీజన్‌లో నెలకు పదీ పన్నెండు వేలు వచ్చేవి. అమ్మ పడిపోయిన వారానికి మిషన్ మీద పాత దుప్పటి కప్పింది, ఇరవై రెండు నెలలు అది అట్లాగే ఉంది. ఈ నష్టానికి ఏ ఫారంలోనూ కాలమ్ లేదు. నేను వేల ఫారాలు నింపినవాణ్ని, నాకు తెలుసు.

అప్పుడు ఆశ్రమాలకు ఫోన్లు చేశాను. అమ్మను వదిలించుకోవాలని కాదు, పుండు మానేదాకా ఒక రెండు నెలలు ఎవరైనా తెలిసినవాళ్ల చేతిలో పెడదామని (ఎందుకు సంజాయిషీ ఇస్తున్నానో నాకే తెలియదు, మన దగ్గర ఆ మాట ఎత్తితే ముందు సంజాయిషీతోనే మొదలుపెట్టాలి). నల్లగొండ, మహబూబ్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు కలిపి పదకొండు నంబర్లు. అన్నిచోట్లా మొదటి ప్రశ్న ఒకటే.

"అమ్మ బాత్రూమ్‌కు సొంతంగా పోతదా అన్నా?"

"పోదు."

"అయితే కష్టం అన్నా. మా దగ్గర తమ పని తాము చేసుకునేటోళ్లే ఉంటరు. ఏమనుకోకు."

ఏమనుకుంటాం. వాళ్ల తప్పేం లేదు. దాతలు పుట్టినరోజుకు వచ్చి అన్నదానం చేస్తారు, అరటిపండ్లు పంచుతారు, ఫొటో దిగుతారు. రాత్రి రెండింటికి పక్క మార్చే ఆయా జీతానికి ఏ దాతా రాడు. హైదరాబాద్‌లో తీసుకునేవాళ్లు ఇద్దరు దొరికారు, ఒకరు నెలకు 25 వేలు, ఒకరు 32 వేలు, డైపర్లు మందులు వేరే, మూడు నెలల అడ్వాన్సు. తమ్ముడు, నేను కలిసినా మా వల్ల కాలేదు. సర్కారు ఇల్లు, మంచం మీది మనిషిని తీసుకునేది, నేను వెతికినప్పుడు నాకు ఒక్కటీ దొరకలేదు.

సరే, మా అమ్మ కథ ఇక్కడ ఆపుతా. 2024 ఎండాకాలంలో పోయింది. ఆ తర్వాత నాకు ఒక జబ్బు పట్టుకుంది, ఏ చట్టంలో ఏముందో చదవడం. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అదో సౌకర్యం.

2007లో కేంద్రం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర కేసు వేసుకోవచ్చు, నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు, ఇది చాలామందికి తెలుసు, నా దగ్గరే ఏడాదికి నాలుగైదు అర్జీలు టైపు చేస్తాను. అదే చట్టంలో 19వ సెక్షన్ ఉంది, దాన్ని ఎవరూ తలవరు. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, దిక్కులేని వృద్ధులు కనీసం 150 మంది ఉండేలా, రాష్ట్ర ప్రభుత్వం కట్టి నడపవచ్చు అని. నడపవచ్చు. నడపాలి అని రాయలేదు. ఆ "వచ్చు" దగ్గరే కథ అంతా ఆగిపోయింది, ఇన్నేళ్ల నుంచి ఆ మాటకు కాళ్లు రాలేదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు అశ్వనీ కుమార్ కేసులో జిల్లాకు ఎన్ని ఆశ్రమాలున్నాయో, వాటిలో వైద్యం సంగతి ఏంటో లెక్క తేల్చమంది. అయినా కోర్టు చెప్తే ఇల్లు కట్టినట్టు కాదు కదా, కట్టాల్సింది మీరే.

2016లో జిల్లాలు విడదీశారు. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. ఇటు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, 2019లో నారాయణపేట. ఎనిమిది జిల్లాలు, ఎనిమిది కలెక్టరేట్లు. జిల్లాకు 150 చొప్పున 1,200 మంది. కలెక్టరేట్ల కోసం ఎనిమిది చోట్లా స్థలం దొరికింది, మెడికల్ కాలేజీలు కూడా ఇప్పుడు ఎనిమిది జిల్లాల్లోనూ ఉన్నాయి, సంతోషం. ఊరూరా వైకుంఠధామం పేరుతో శ్మశానవాటిక కట్టారు, మా పక్క తండాలో కూడా ఉంది, చుట్టూ గోడ, గేటు, స్నానాల గది, శివుడి బొమ్మ. చచ్చినవాళ్లకు ఇంత మర్యాద చేసిన సర్కారు చావడానికి ముందు ఆ ఒకటీ రెండేళ్లు పడుకోవడానికి ఒక మంచం వేయలేదా అని నాకు ఆ గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా అనిపిస్తుంది.

మీరు అంటారు, పింఛను ఇస్తున్నాం కదా అని. ఇస్తున్నారు, కాదనను. 2014లో ఆసరా వెయ్యి రూపాయలతో మొదలైంది, 2019లో 2,016 అయింది, 2023 ఎన్నికల్లో నాలుగు వేలు అన్నారు. కేంద్రం వాటా ఎంతో తెలుసా, 80 ఏళ్లు నిండనివాళ్లకు నెలకు 200, 80 నిండితే 500. రెండు వందలు! మా అమ్మకు రోజుకు మూడు డైపర్లు, ఒక్కోటి 35 రూపాయలు. కేంద్రం వాటా ఒకటో తారీకున మొదలుపెడితే రెండో తారీకు రాత్రికి అయిపోతుంది. రాష్ట్రం ఇచ్చేది కలిపి 2,016 అనుకున్నా, అందులో అన్నం, మందులు ఏమీ లెక్కపెట్టకుండా డైపర్లకే 19 రోజులు. పైగా ఆ పింఛను ఇంట్లో ముసలివాళ్లు ఇద్దరున్నా ఒక్కరికే.

ఆరోగ్యశ్రీ 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. 2024 అక్టోబరు నుంచి 70 నిండినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు, ఐదు లక్షలు, నేనే ఎంతోమందికి చేసిచ్చాను. రెండూ దవాఖానలో చేరితేనే. ఆపరేషన్‌కు లక్షలు ఇస్తారు, ఆపరేషన్ అయ్యాక లేవలేని మనిషికి గ్లాసు నీళ్లు అందించే చేతికి రూపాయి ఇవ్వరు. తమాషా ఏంటంటే ఆ చేయి లేక మనిషికి పుండ్లు పడి, చీము పట్టి, మళ్లీ దవాఖానకు వస్తే అప్పుడు మళ్లీ లక్ష ఇస్తారు. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో పది మంచాల ప్రత్యేక వార్డు ఉండాలని ఉంది. మంచిదే, కానీ వార్డు అంటే నయం చేసి పంపేది. నయం కానివాళ్లు ఎక్కడికి పోవాలి?

ఈ రెండు ఉమ్మడి జిల్లాల సంగతే నేను ఎందుకు పట్టుకున్నానంటే మన ముసలివాళ్లు మిగతావాళ్లలాగా ముసలివాళ్లు కాలేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు మా మేనత్త ఊరు. ఆమె తరం వాళ్లు ముప్ఫై నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడు అక్కడ దానికి ఎన్నో రెట్లు. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి లోకమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు, మన జిల్లా పేరు పుస్తకాలకెక్కింది అట్లా. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి, ఇప్పటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, అది ఎవరు చేసినా మంచి పనే. కానీ గట్టిపడిపోయిన ఎముక మళ్లీ మెత్తబడదు. మా మేనత్త మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. కింద కూర్చోలేదు, కాబట్టి ఇండియన్ బాత్రూమ్‌లో కూర్చోలేదు, మధ్యలో చిల్లు పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పెరట్లో ఉంటుంది. అరవై ఎనిమిదేళ్లకే ఎనభై ఐదేళ్ల మనిషికి కావాల్సిన సాయం కావాలి. ఆ ఊళ్లలో అటువంటివాళ్లు వీధికి ఒకరైనా ఉంటారు, మీలో ఓట్లకు తిరిగినవాళ్లు చూసే ఉంటారు, వాళ్లు గేటు దాకా రాలేరు కాబట్టి మీరే లోపలికి పోయి దండం పెట్టి ఉంటారు.

పాలమూరు వైపు ఇంకో రకం. కోస్గి, మద్దూరు, నారాయణపేట నుంచి బొంబాయి బస్సులు నడిచిన ఊళ్లు అవి. పాలమూరు లేబర్ అన్న పేరు తెచ్చుకుని దేశంలో ఎక్కడెక్కడో కట్టలు పోసి, కాలువలు తవ్వి, రోడ్లు వేసి వచ్చినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు, నడుములు ఎప్పుడో అరిగిపోయాయి. వాళ్ల పిల్లలు ఇప్పుడు హైదరాబాద్, పుణె, ముంబైలో అదే మట్టిపని, మేస్త్రీ పని. ఇళ్లకు తాళాలు లేవు, లోపల ముసలోళ్లు ఉన్నారు కాబట్టి. పొయ్యి మీద ఏదో ఒకటి వండుకున్నంతకాలం సరే. పడిపోతే? కొడుకు బొంబాయి నుంచి వచ్చి కూర్చుంటే ఇద్దరికీ తిండి ఉండదు. పోతే ఒకరికి ఉండదు.

పోయిన ఏడాది దసరాకు ముందు ఒకాయన నా షాపుకు వచ్చాడు, తండా నుంచి. ఆయనకే అరవై ఐదు దాటాయి. ఆటో రోడ్డు మీద ఆపి, వెనక సీట్లోంచి తన తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కాడు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. ఏదో కేవైసీ అప్‌డేట్ కావాలి. అవ్వ వేలు మిషన్ మీద పెడితే పడదు. తుడిచి పెట్టాం, నూనె రాసి పెట్టాం, పదివేళ్లూ అయిపోయాయి. ఆ చేతుల మీద గీతలు అనేవి అసలు లేవు, పత్తి ఏరి, రాళ్లు ఎత్తి నున్నగా అయిపోయాయి. చివరికి కన్ను పెడదామంటే రెండు కళ్లలోనూ పొర. ఆయన విసుక్కోలేదు, "ఏం జేద్దాం సారు, ఇంగోసారి పెట్టుండ్రి" అన్నాడు. నేను అడిగాను, ఇంట్లో ఎవరు చూస్తారని. "నేనే. నాకు జరంగా నడుం నొస్తది, ఎత్తేటప్పుడు" అన్నాడు. అరవై ఐదేళ్ల ముసలాయన ఎనభై ఏడేళ్ల తల్లిని ఎత్తుతున్నాడు. ఇంకో రెండేళ్లకు ఆయన్ను ఎవరు ఎత్తుతారు? 2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైచిలుకు, నూటికి ఎనిమిదిన్నర మంది. అప్పటి నుంచి ఆ వాటా పెరుగుతూనే ఉంది, పిల్లల సంఖ్య తగ్గుతూనే ఉంది. ఇంటికి ఐదుగురు పిల్లలున్న తరం వాళ్లకే ఇట్లా ఉంటే ఒక్కరో ఇద్దరో ఉన్న మా తరం సంగతి మీరే ఆలోచించండి, మీరూ ఆ వయసువాళ్లే కదా ఎక్కువమంది.

ఇక్కడ మీరు సంస్కృతి మాట ఎత్తుతారని నాకు తెలుసు. కన్నవాళ్లను ఆశ్రమాల్లో పెడతారా, మన సంప్రదాయం ఏమైపోవాలి, వగైరా. తల్లిదండ్రులను చూడని ఉద్యోగుల జీతంలో కోత పెట్టి ఆ కన్నవాళ్లకే ఇస్తామని కూడా అన్నారు, అస్సాంలో 2017లోనే అటువంటి చట్టం ఉంది. చూడనివాళ్లకు కోత పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే మా వైపు ఎంతమంది కొడుకులకు సర్కారు జీతం ఉంది కోయడానికి? మేస్త్రీ దగ్గర ఏం కోస్తారు? అసలు కష్టమంతా చూడనివాళ్ల దగ్గర లేదు, చూడాలని ఉండి చేతకానివాళ్ల దగ్గర ఉంది. పైగా సంస్కృతి అనే మాట వాడినప్పుడల్లా రాత్రి రెండింటికి లేచేది ఎవరో కూడా చూడాలి. ఉపన్యాసం ఇచ్చేది కొడుకు, లేచేది కోడలు.

డబ్బు ఎట్లా ఇవ్వాలో సర్కారుకు తెలియక కాదు. హాస్టళ్లు నడుపుతున్నారు కదా. 2024లో మెస్ చార్జీలు పెంచారు, మూడు నుంచి ఏడు తరగతుల పిల్లలకు నెలకు 950 నుంచి 1,330, ఎనిమిది నుంచి పది వరకు 1,100 నుంచి 1,540, ఇంటర్ నుంచి పైవాళ్లకు 1,500 నుంచి 2,100. అంటే మనిషికి ఇంత అని రేటు కట్టడం, తరగతిని బట్టి మార్చడం, ధరలు పెరిగితే పెంచడం, ఇవన్నీ మీకు వచ్చిన విద్యే. అదే లెక్క మంచానికి కట్టండి. తన పని తాను చేసుకునేవాళ్లకు ఒక రేటు, సాయం కావాల్సినవాళ్లకు ఒకటి, లేవలేనివాళ్లకు ఒకటి. ఇప్పుడు కేంద్రం స్కీముల్లో స్వచ్ఛంద సంస్థలకు 25 మంది వృద్ధులకు ఒక ఇల్లు అని గ్రాంటు ఉంది, మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ ఉన్నవాళ్లకు వేరే ఇళ్లు కూడా ఉన్నాయి కాగితం మీద. అవి తెచ్చుకోవడం ఒక పని. అవి సరిపోవు కాబట్టి రాష్ట్రం తన రేటు కట్టడం ఇంకో పని.

నేనొక లెక్క వేశాను. పెద్ద లెక్కలమాస్టారును కాదు, కానీ ఇరవై రెండు నెలలు బిల్లులు దాచినవాణ్ని. యాభై మంచాల ఇల్లు అనుకోండి. పగలు రెండు షిఫ్టులకు ఆరుగురు చొప్పున ఆయాలు, రాత్రికి నలుగురు, సెలవుల కోసం ఇంకో ముగ్గురు, మొత్తం 19 మంది, ఒక్కొక్కరికి 15 వేలు. నర్సులు నలుగురు, 25 వేల చొప్పున. తిండి రోజుకు వంద. డైపర్లు రోజుకు మూడు. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, వాచ్‌మన్ కలిపి ఆరుగురు. కరెంటు, మందులు, బట్టలు ఉతకడం. అంతా కలిపితే నెలకు ఎనిమిదిన్నర లక్షలు వచ్చింది, మంచానికి 17 వేలు. ఎనిమిది జిల్లాలకు యాభై చొప్పున నాలుగు వందల మంచాలు, ఏడాదికి ఎనిమిది కోట్ల పైచిలుకు. కట్టడం ఖర్చు వేరే, అదీ ఖాళీగా పడి ఉన్న సర్కారు బిల్డింగులు ఎన్ని లేవు. నా లెక్క తప్పుంటే పది కోట్లు అనుకోండి, పన్నెండు అనుకోండి. మీకు అది ఎంత సొమ్మో మీకే బాగా తెలుసు. పైగా అందులో సగం దాకా మన ఆడవాళ్ల జీతాలే, ఇప్పుడు ఇదే పని ఇంట్లో ఊరికే చేస్తున్నవాళ్లకు ఉద్యోగాలు.

అయితే ఒక మాట. డబ్బు ఇచ్చి వదిలేస్తే దొంగ ఆశ్రమాలు పుట్టుకొస్తాయి, అది మీకన్నా నాకే ముందు తెలుస్తుంది, రిజిస్ట్రేషన్ కాగితాలు జిరాక్స్ కొట్టించుకోవడానికి నా దగ్గరికే వస్తారు కదా. కాబట్టి చూడడానికి వచ్చేవాళ్లు రిజిస్టర్ చూసి టీ తాగి పోకూడదు. దుప్పటి తీసి నడుం చూడాలి. పుండ్లు ఎంతమందికి ఉన్నాయి, ఈ నెల కొత్తగా ఎంతమందికి వచ్చాయి, ఆ ఒక్క అంకె చాలు ఇల్లు ఎట్లా నడుస్తుందో తెలియడానికి. మెడికల్ కాలేజీల నుంచి డాక్టరు వారానికోసారి రావచ్చు, నర్సింగ్ పిల్లలు ట్రైనింగుకు రావచ్చు. ఇంటి దగ్గరే చూసుకుంటామనే వాళ్లకు ఇంటికే నర్సు రావాలి. కేరళలో 2008లోనే దానికి పాలసీ పెట్టుకున్నారు, పంచాయతీ నిధులతో నర్సు ఇంటింటికీ తిరుగుతుంది. మన దగ్గరా ఆలన పేరుతో బండ్లు ఉన్నాయి, పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) సెంటర్లు ఉన్నాయి, అందులో పనిచేసేవాళ్లు బంగారం, కానీ జిల్లాకు ఒక బండి తిరిగితే దేవరకొండ తండాల దాకా వచ్చేసరికి పొద్దుగూకుతుంది. బండ్లు పెంచండి. ఆశా వర్కర్ల మీదే ఇది కూడా వేయకండి, వాళ్ల మీద ఇప్పటికే ఉన్నది చాలు.

మిమ్మల్ని నేను అడిగేది పెద్దదేం కాదు. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఒక ప్రశ్న వేయండి, 19వ సెక్షన్ కింద మన ఎనిమిది జిల్లాల్లో ఎన్ని మంచాలున్నాయి, అందులో లేవలేనివాళ్లను తీసుకునేవి ఎన్ని అని. సమాధానం సభ రికార్డులో ఉండాలి. ఆ తర్వాత మంచానికి రేటు కట్టే జీవో. జీవో నంబరు నాకు పంపండి చాలు, ఫారం నేను తయారు చేసి పెడతాను, ఉచితంగా నింపిస్తాను, అంతవరకు నా పూచీ. సోమవారం ప్రజావాణిలో నేను ఇచ్చిన అర్జీ ఒకటి ఇప్పటికే తిరుగుతోంది, అది ఏ శాఖకు పంపాలో తేల్చుకోలేకపోతున్నారట. ఆరోగ్యం వాళ్లు సంక్షేమం అంటారు, సంక్షేమం వాళ్లు ఆరోగ్యం అంటారు. మీలో ఎవరైనా అది ఎవరిదో చెప్తే ఆ క్లర్కుకు కూడా పుణ్యం.

అమ్మకు కొన్న ఎయిర్‌బెడ్ ఒకటి మా ఇంట్లో ఉండేది. బుడగల పరుపు, చిన్న మోటారు, ఒకసారి ఈ బుడగలు, ఒకసారి ఆ బుడగలు నింపుతూ ఉంటుంది, పుండ్లు పడకుండా. అమ్మ పోయాక కడిగి, ఎండబెట్టి అటక మీద పెట్టాం. పదిహేను రోజులు కూడా ఉండలేదు, బస్టాండు వెనక ఒకరికి కావాలంటే ఇచ్చాం. అక్కడి నుంచి ఇంకొకరింటికి, అక్కడి నుంచి కొండమల్లేపల్లి. ఇప్పుడు నేను పైన చెప్పిన ఆ తండా అవ్వ కింద ఉంది, నాలుగో మనిషి. నిన్న ఆ కొడుకు ఫోన్ చేశాడు, మోటారు గుర్రుమని ఆగిపోయిందట. ఇక్కడ దొరకదు, కోఠిలో దొరుకుతుందన్నారు. రేపు షాపు బంద్ పెట్టి పొద్దున బస్సుకు పోతున్నాను.